అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికల్లో నిలబడాలంటే?

ప్రశ్న: మియాపూర్‌లో మాది 90 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఈసారి ట్రెజరర్‌గా నిలబడదామనుకుంటున్నాను. ఫ్లాట్ మా ఆవిడ పేరు మీద ఉంది. ముందు ఏం చూసుకోవాలండీ?

జవాబు 1: బైలాస్ (అసోసియేషన్ నియమావళి) కాపీ సెక్రటరీ గారిని రాతపూర్వకంగా అడగండి. అసోసియేషన్ 2001 సొసైటీల చట్టం కిందా, 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కిందా అన్నది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. సాధారణంగా సేల్ డీడ్‌లో పేరున్నవారికే సభ్యత్వం. మీ బైలాస్ కూడా అంతే అయితే మేడమ్ గారే నామినేషన్ వేయాలి. ఆవిడ తరఫున మీరు ఓటేయడానికి ఆథరైజేషన్ లెటర్ ఒప్పుకున్నంత మాత్రాన పోటీకి ఒప్పుకున్నట్టు కాదు.

జవాబు 2: చిక్కంతా మెయింటెనెన్స్ బకాయిలతోనే. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ మూలనిధి), వాటర్ ట్యాంకర్ల వాటా కూడా సరిచూసి, నో డ్యూస్ రాయించుకోండి. యూపీఐ స్క్రీన్‌షాట్ నమ్ముకోవద్దు, రసీదు తీసుకోండి. ప్రతిపాదించేవాళ్లకూ, బలపరిచేవాళ్లకూ బకాయిలు లేకుండా చూసుకోండి.

జవాబు 3: ట్రెజరర్ అంటున్నారు కాబట్టి, ఆడిట్ రిపోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జనరల్ బాడీ సమావేశానికి ముందే చూడాల్సిందే. గెలిచాక తీర్మానం మినిట్స్ (సమావేశ వివరాల) పుస్తకంలో ఎక్కించి, కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం కాపీ, కేవైసీ అడుగుతారు. అది ఆలస్యమైతే వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) చెక్కులకు పాతవాళ్ల సంతకమే దిక్కు.