మారేడుమిల్లి వైపు నడిచి తిరిగే కొండదారులు చెప్పగలరా?

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె. మా వైపు ఎత్తంటే ఏటిగట్టే, ఎక్కితే కొబ్బరి తోటలు కనిపిస్తాయి, అంతే. అందుకే సంక్రాంతి సందడి అయ్యాక నేనూ, మా బావగారూ, ఇంటర్ చదివే మేనల్లుడూ రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్దామనుకుంటున్నాం.

కారు దిగి జలతరంగిణి జలపాతం దగ్గర ఫోటోలు తీసుకుని, బొంగులో చికెన్ తిని వచ్చేయడం కాదండీ. రోజంతా నడవాలి. గుడిసె అనే చోటున్న గడ్డికొండల మీదకి అందరూ తెల్లవారుజామున జీపుల్లో పోతారు కదా, కింది ఊరి నుంచి నడిచి ఎక్కే దారి ఉందా? దారి చూపడానికి అక్కడి కొండరెడ్ల కుర్రాళ్లెవరైనా వస్తారా? వస్తే రోజుకు ఎంతివ్వడం న్యాయం?

పాపికొండలు 2008లో నేషనల్ పార్క్ అయ్యాయి కాబట్టి లోపలికి ఇష్టమొచ్చినట్టు పోలేమని తెలుసు. పార్క్ హద్దు బయట అడవిలో నడవడానికి కూడా ఫారెస్టు వాళ్లను ముందే అడగాలా? మేనల్లుడికేమో అడవిదున్న కనబడాలి, మా అక్కకేమో గిరినాగుల టెన్షన్. నాకైతే దోమలంటేనే భయం, ఏజెన్సీ మలేరియాతో ఆటలొద్దు. అందుకే టెంట్లు వద్దనుకున్నాం, రాత్రికి గది ఉంటే చాలు.

ఇంకోటి. బావగారు పొలం గట్ల మీద వేసుకునే రబ్బరు చెప్పులతోనే వస్తానంటున్నారు, వాటి అడుగు అరిగి నున్నగా అయిపోయింది. వాగుల్లో తడి రాళ్ల మీద అవి ఆగుతాయా? అటు నడిచినవాళ్లు చెబితేనే ఆయన వింటారు.