ఒకే సీటుకు రోజుకొక ధర ఎందుకు?

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ మధ్యనే అమెరికాకు వచ్చాను. బేస్‌బాల్ ఆట చూడాలని సోమవారం ఒక సీటు ధర చూసి పెట్టుకుని శుక్రవారం కొనబోతే, అదే సీటు ఎక్కువ ధర పలికింది. మరో జట్టుతో జరిగే ఆటకు మాత్రం ఆ వరుసలోనే దాదాపు సగం ధరకు దొరుకుతోంది. ఇందులో మోసమేమైనా ఉందా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

*

నమస్కారమండీ. ఇది మోసం కాదు, జట్లు బాహాటంగానే అనుసరిస్తున్న పద్ధతి. ఒకప్పుడు సీటు ఎక్కడ ఉందన్నదే ధరను నిర్ణయించేది. సీజన్‌కు ముందు ప్రకటించిన ధర చివరి ఆట వరకూ మారేది కాదు. తరువాత ప్రత్యర్థి ఎవరు, ఆట వారాంతంలోనా కాదా అన్నదాన్ని బట్టి ముందుగానే వేరువేరు ధరలు పెట్టడం మొదలైంది. 2009లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు ఇంకో అడుగు ముందుకు వేసి, సుమారు 2,000 సీట్లకు గిరాకీని బట్టి ధరను ఎప్పటికప్పుడు మార్చి చూసింది. ఫలితం నచ్చడంతో 2010లో స్టేడియం మొత్తానికీ ఆ పద్ధతినే వర్తింపజేసింది. ఆ తరువాత మిగతా జట్లు ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి.

దీని వెనుక ఉన్న లెక్క తెలిస్తే మీకు ఆశ్చర్యం కలగదు. ఆట ముగిసేసరికి ఖాళీగా మిగిలిన సీటును మరుసటి రోజు అమ్ముకునే వీలు లేదు. అందులో ఒక మనిషి అదనంగా కూర్చున్నందువల్ల జట్టుకు పెరిగే ఖర్చూ దాదాపు ఏమీ ఉండదు. ఆటగాళ్ల జీతాలు, స్టేడియం నిర్వహణ ఎలాగూ పెట్టవలసిన ఖర్చులే కనుక, ధరను ఖర్చు కాక గిరాకీ నిర్ణయిస్తుంది. ఫలానా ఆటగాడికి కోట్ల డాలర్లు ఇచ్చినందుకే టికెట్ల ధరలు పెంచారని మీ ఆఫీసులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నా ఉద్దేశంలో అది తలకిందుల వాదన: జనం అంత పెట్టి చూడటానికి సిద్ధంగా ఉన్నారు కాబట్టే ఆ ఆటగాడికి అంత జీతం ఇవ్వగలుగుతున్నారు.

ప్రత్యర్థి జట్టుకున్న పేరు, వారంలో ఏ రోజు, వాతావరణం, పట్టికలో జట్టు స్థానం, ఆ రోజు ఆటను ఆరంభించే పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) ఎవరు, అప్పటికి ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయి అన్నవన్నీ చూసి ధరను సవరిస్తారు. బేస్‌బాల్ జట్టుకు సొంత మైదానంలో 81 ఆటలుంటాయి కనుక పనిదినాల్లో జరిగే ఆటలకు గిరాకీ పలచబడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సాధారణంగా ఎనిమిదో తొమ్మిదో మాత్రమే ఉంటాయి కనుక అక్కడ చవక బేరం ఆశించకండి.

అలాగని జట్లు ప్రతి టికెట్ మీదా పిండగలిగినంతా పిండుకోవు. లోపలికి వచ్చిన మనిషి పార్కింగ్‌కూ, తినుబండారాలకూ, చొక్కాలకూ పెట్టే ఖర్చు కూడా ఆదాయమే; పైగా ఏటా వచ్చే అభిమానిని దూరం చేసుకుంటే నష్టం ఒక్క సీజన్‌తో పోదు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ అత్యధిక టికెట్ ధరను 77 పౌండ్లు చేస్తామన్నప్పుడు, 2016 ఫిబ్రవరిలో వేలమంది అభిమానులు ఆట 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. కొద్ది రోజులకే క్లబ్ ఆ ప్రతిపాదనను విరమించుకుంది.

ఇక మీరు చేయవలసిన పని. సీజన్ మొత్తానికి ముందే డబ్బు కట్టినవారు నొచ్చుకోకుండా ఉండేందుకు, విడి టికెట్ ధరను వారు కట్టిన ధర కంటే దిగువకు దించడానికి జట్లు సాధారణంగా ఇష్టపడవు. కానీ ఆ సీజన్ టికెట్‌దారులే, తాము వెళ్లలేని ఆటల టికెట్లను రీసేల్ సైట్లలో (కొన్న టికెట్లను తిరిగి అమ్ముకునే సైట్లలో) పెడతారు. వారికి అటువంటి కట్టుబాటు లేదు. అందువల్ల గిరాకీ తక్కువగా ఉన్న ఆటకు, ప్రారంభ సమయం దగ్గరపడిన కొద్దీ, జట్టు సైట్ కంటే అక్కడ తక్కువకు దొరికే అవకాశం ఉంది. పేరున్న ప్రత్యర్థితో శనివారం జరిగే ఆటకు మాత్రం ఈ ఎదురుచూపు బెడిసికొట్టవచ్చు. దానికి ముందే కొనుక్కోవడం మేలు.

*

అన్నయ్యగారు చెప్పినదానికి ఒక్క విషయం చేరుస్తాను. సైట్లలో మొదట ఒక ధర చూపించి, డబ్బు కట్టే పేజీకి వచ్చాక సర్వీసు రుసుములు కలపడం ఇక్కడ చాలాకాలం సాగింది. వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం 2025 మే 12 నుంచి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే మొదటి నుంచీ చూపించాలి. ప్రభుత్వ పన్ను మాత్రం చివరలో కలవవచ్చు. కాబట్టి జట్టు సైట్‌నూ రీసేల్ సైట్‌నూ పోల్చేటప్పుడు, పన్నుతో సహా చివరి పేజీలో కనిపించే మొత్తాలనే పక్కపక్కన పెట్టి చూడండి.