సమస్య: పదిని గొట్టలేని పదియె గెలిచె

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదీ. బల్ల మీద బొమ్మ సైన్యాలతో, పాచికలతో ఆడే యుద్ధక్రీడ వార్‌హామర్ 40,000, 2023లో వచ్చిన పదో ఎడిషన్ లెక్కలు. కోరమంగళ బల్లల మీద ఆదివారం పూట ఏ ఆయుధం బిగించాలన్న దగ్గరే వాదన తెగడం లేదు, అందుకే ఇచ్చాను. రెండు ‘పది’లూ పని చేయాలి.

ఆటవెలది అక్క:

దొడ్డ కవచమున్న దుర్జయు లెదురైన
గురుతు చెంత నిలిచి కూలకుండ
తలకు రెండు లెక్క దక్కించుకొనగానె
పదిని గొట్టలేని పదియె గెలిచె

పదిమంది టెర్మినేటర్ల (భారీ కవచపు స్పేస్ మెరైన్ యోధుల) మీద పదిమంది ఇంటర్‌సెసర్లు (మామూలు తుపాకీ స్పేస్ మెరైన్లు). గుళ్లు పెంచే టార్గెట్ ఎలిమినేషన్ వాడకుండా 20 గుళ్లు పేలిస్తే సగటున 13 తగులుతాయి, నాలుగున్నర గాయం చేస్తాయి, కవచం దాటేది ఒకటిన్నర. టెర్మినేటర్‌కు మూడు ప్రాణాలు. ఒక్కడూ పడడు. కానీ గురుతు (ఆటలో పట్టుకోవాల్సిన చోటు) ఎవరిదో తేల్చే లెక్క ఓసీ; అది ఇంటర్‌సెసర్‌కు తలకు 2, టెర్మినేటర్‌కు 1. గురుతు దగ్గర 20కి 10.

పాచికల పంతులు: విరుపు చాలా బాగుందక్కా. రెండో పాదం మాత్రం ఒప్పుకోను. ‘కూలకుండ’ ఎలా కుదురుతుంది? సార్జంటును పక్కన పెట్టినా తొమ్మిది పవర్‌ఫిస్టులు (టెర్మినేటర్ల ఇనుప పిడికిళ్లు): 27 దెబ్బలు, 18 తగులు, 15 గాయాలు, 5+ కవచం (పాచికపై 5 లేదా 6 పడితే ఆగేవి) పోను 10. నష్టం 2, ఇంటర్‌సెసర్‌కు ప్రాణాలు 2. అంటే పదిమందీ పోతారు. మీ పద్యం నిలవాలంటే చార్జ్ (మీదపడే దూకుడు) తప్పాలి. డీప్‌స్ట్రైక్‌లో (ఆట మధ్యలో నేరుగా బల్ల మీదికి) దిగితే చార్జ్‌కు రెండు పాచికల మీద 9 అంగుళాలు పడాలి, 36లో 10 వంతులే, అక్కడ మీకు బలం ఉంది. పైగా అందరూ బతకనక్కర్లేదు. నలుగురు పడినా 12కి 10. ఐదో వాడు పడితే సమానం, ఆధిక్యం పోతుంది. ఇలా మారిస్తే సరి: ‘గురుతు విడువకుండ గొంద రొరగ’.

ఆటవెలది అక్క: తీసుకున్నాను పంతులుగారూ. యతీ చెడలేదు, లెక్కా నిలిచింది.

మారతహళ్లి మల్లన్న:

రంప పిడికి లున్న రథమును గూల్చును
కాలిబంట్ల జోలి కలిసిరాదు
లక్ష్య మెరిగి యెంచ లాభమ్ము గలుగంగ
పదిని గొట్టలేని పదియె గెలిచె

ఇది పవర్‌ఫిస్టుకు బదులు బిగించే రంపపు పిడికిలి, చెయిన్‌ఫిస్ట్ సంగతి. అదనపు పాయింట్లు (సైన్యం ఖర్చు) అడగరు కదా అని అందరికీ బిగిస్తారు. పవర్‌ఫిస్ట్ 3+కి తగిలితే ఇది 4+కి తగులుతుంది. పంతులుగారి 27 దెబ్బలే తీసుకోండి: ఇంటర్‌సెసర్లలో పడేది ఏడుగురో ఎనిమిదిమందో. పదిమందిని కొట్టలేని పదిమంది అదీ. అదే టఫ్‌నెస్ (గట్టితనం) 10 ఉన్న ప్రెడేటర్ ట్యాంకు మీదికి పంపండి. వాహనాల మీద 3+కే గాయం: 27లో 13న్నర తగిలి, 9 గాయాలై, 6 కవచం దాటి, 12 ప్రాణాలు తీస్తాయి. దానికున్నవి 11. పవర్‌ఫిస్టులైతే 8 దగ్గరే ఆగుతాయి.

ఆటవెలది అక్క: మలుపు అద్భుతం మల్లన్నా. మొదటి పాదం దగ్గర ఆగిపోయాను. పిడికిలి, ఉన్న కలిపి ‘పిడికిలున్న’ అని ఇత్తును (చివరి ఇకారాన్ని) మింగేశావు. ‘రంపహస్త మున్న’ అను, గణాలు చెడవు.

పాచికల పంతులు: రంపం తెలుగు, హస్తం సంస్కృతం. వైరిసమాసాన్ని మీరే సూచిస్తే ఎలా అక్కా? ‘రంపచేతు లున్న’ అంటే ఏ పేచీ ఉండదు.

మల్లన్నకు ఒక మాట. పోయిన వారం లాస్‌కానన్ (ట్యాంకులను కొట్టే లేజర్ తుపాకీ) పద్యంలోనూ ఇదే పట్టు పట్టారు. ఒక్కో గుండుకు సగటున 1.67 ప్రాణాలు, ఆరు గుళ్లకు 10, రైనో అనే వాహనానికి 10 ప్రాణాలు, కాబట్టి ఆరుతో రైనో ఖాయం అన్నారు. సగటు సరిగ్గా ప్రాణాలతో సమానమైతే అది ఖాయం కాదు, ఎన్నో ఆటల్లో రైనో కొన్ని ప్రాణాలతో మిగిలే ఉంటుంది. ఇక్కడా అంతే. నష్టం రెండేసి కాబట్టి 11 ప్రాణాలకు ఆరు గాయాలు దాటాల్సిందే. ఐదు దాటితే 10, ఒక్క ప్రాణంతో ప్రెడేటర్ కాలుస్తూనే ఉంటుంది. మీ సగటు ఆ ఆరే.

మారతహళ్లి మల్లన్న: లాస్‌కానన్ సంగతి ఒప్పుకుంటాను. దీన్ని వదలను. స్పేస్ మెరైన్లకు ఓత్ ఆఫ్ మూమెంట్ (ఒక శత్రుదళాన్ని గురిగా ఎంచుకునే నియమం) ఉంది కదా? ఆ ప్రెడేటర్ మీద పెడితే తగలనివి మళ్లీ వేయొచ్చు, పైగా టెర్మినేటర్లకు తగిలే పాచికకు ఒకటి కలుస్తుంది, సగం తగిలేది తొమ్మిదింట ఎనిమిది వంతులకు వస్తుంది. 24 తగిలి, 16 గాయాలై, పదిన్నర పైగా దాటుతాయి, 21 ప్రాణాలు.

పాచికల పంతులు: ఓత్ పెడితే ఒప్పుకుంటాను. అయితే ఆ ఓత్ మీ తర్వాతి వంతు మొదట్లోని కమాండ్ ఫేజ్ దాకా ఒక్క దళం మీదే. ప్రెడేటర్ మీద పెట్టారంటే అక్కగారి ఇంటర్‌సెసర్ల మీద మీ చెయిన్‌ఫిస్టులు ఆ 4+తోనే ఉంటాయి.

నిర్వాహకుడు: ‘రంపచేతు లున్న’ పాఠాన్ని ఖాయం చేస్తున్నాను. అక్కగారి రెండో పాదం కూడా మార్చిన రూపంలోనే ఉంచుతాను.