పాత ఎంబ్రాయిడరీ మెషిన్‌లో ఫ్లాపీ డ్రైవ్ పోయింది, ప్యానెల్ మొత్తం మార్చాల్సిందేనా?

సూరత్_సిరిసిల్ల

అందరికీ నమస్కారం. మాది సిరిసిల్ల. నాన్న హయాం నుంచి సూరత్‌లోనే ఉంటున్నాం, చీరల మీద ఎంబ్రాయిడరీ జాబ్‌వర్క్ చేస్తాం. మా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న జపాన్ మెషిన్ ఒకటుంది. 20 హెడ్లు, హెడ్డుకు 9 నీడిళ్లు. ఇప్పటికీ కుట్టు బంగారంలా వస్తుంది, దారం తెగడం కూడా పక్కనున్న కొత్త మెషిన్ల కంటే తక్కువే. కానీ డిజైన్ ఎక్కించాలంటే ఫ్లాపీ ఒక్కటే గతి. కొన్నాళ్లుగా డిస్క్ పెడితే కరకరమని తిరిగి ఎర్రర్ చూపిస్తోంది. తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తే ఎప్పుడో ఒకసారి చదువుతుంది.

ఇక్కడి టెక్నీషియన్ ప్యానెల్ (మెషిన్‌ను నడిపే కంట్రోల్ బోర్డు), మోటార్లను తిప్పే డ్రైవర్ బోర్డులు మొత్తం తీసేసి కొత్త చైనా ప్యానెల్ పెట్టించుకోమంటున్నాడు. ఆయన చెప్పిన రేటు వింటే మెషిన్ కొన్న ధరలో సగానికి దగ్గరగా ఉంది. దీపావళి సీజన్ ముందు అంత డబ్బు పెట్టలేను, మెషిన్ ఆపుకోనూ లేను. రెండు డబ్బాల నిండా ఫ్లాపీలు ఉన్నాయి. అందులోని బోర్డర్లే సేఠ్ మళ్లీ మళ్లీ అడుగుతాడు. వాటిని పంచింగ్ చేసినవాళ్లు, అంటే బొమ్మను కుట్ల ఫైలుగా మార్చినవాళ్లు, ఇప్పుడు ఎక్కడున్నారో కూడా తెలియదు. డ్రైవ్ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా?

లూమ్_వైరింగ్

గోటెక్ అని అడుగు బ్రో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫ్లాపీ డ్రైవ్ ఉన్న చోటే అదే సైజులో కూర్చుంటుంది, పెన్‌డ్రైవ్ పెట్టుకోవడమే. 1.44 ఎంబీ మోడల్ తీసుకో, అయిపోతుంది.

బోర్డు_రిపేరు_హైదరాబాద్

తమ్ముడూ, ప్యానెల్ జోలికి పోకు. నేను హైదరాబాద్‌లో ఈ మెషిన్ల బోర్డులే రిపేరు చేస్తాను. ఫ్లాపీ చదవట్లేదని ప్యానెల్ మార్పించేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ప్యానెల్ మారిస్తే మెయిన్ మోటారు, ఫ్రేము మోటార్లు, కలర్ మార్చే యూనిట్, దారం తెగితే పట్టుకునే సెన్సర్లు అన్నీ కొత్త బోర్డుతో కలవాలి. బంగారంలా కుట్టే మెషిన్‌ను విప్పి మళ్లీ మొదటి నుంచి సెట్ చేసుకోవడమే అవుతుంది. నీ దగ్గర చెడింది 34 పిన్నుల కేబుల్‌తో బోర్డుకు తగిలించిన చిన్న డబ్బా. గోటెక్ పెట్టొచ్చు, పై తమ్ముడు చెప్పింది నిజమే. కానీ 1.44 అని కళ్లు మూసుకుని కొనకు, ఆ సంగతికి తర్వాత వస్తా.

ముందు ఫ్లాపీల సంగతి చూడు. డ్రైవ్ ఈ వారం కాకపోతే వచ్చే వారం దొరుకుతుంది, ఆ బోర్డర్లు పోతే మళ్లీ దొరకవు. సోనీ వాళ్లే 2011 మార్చిలో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేశారు. నీ డబ్బాల్లో ఉన్నవి అంతకంటే పాతవే అయ్యుంటాయి. చదవని డిస్క్‌ను అదే డ్రైవ్‌లో పదే పదే తిప్పడం ఈ రోజే ఆపెయ్. హెడ్ మీద మురికి ఉంటే డిస్క్ మీద గీత పడుతుంది, ఆ గీత కింద ఉన్న కుట్లు ఇక రావు.

డ్రైవ్ బయటికి తీసి పైరేకు విప్పి చూడు. హెడ్‌ను ముందుకీ వెనక్కీ జరిపే సన్నటి స్క్రూ ఒకటి కనిపిస్తుంది. మన షెడ్లలో దాని మరల మధ్య దారపు నూగు, నూనె కలిసి నల్లటి ముద్దలా చుట్టుకుని ఉంటుంది. టూత్‌పిక్‌తో దాన్ని మెల్లగా లాగెయ్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో రెండు హెడ్లూ తుడువు. పై హెడ్ పలచటి స్ప్రింగ్ రేకు మీద కూర్చుని ఉంటుంది, దాన్ని ఎక్కువ ఎత్తితే అలైన్‌మెంట్ పోతుంది. చాలా డ్రైవ్‌లు ఇంతమాత్రానికే మళ్లీ చదువుతాయి, సీజన్ గడవడానికి సరిపోతుంది.

తర్వాత ప్రతి ఫ్లాపీకీ రైట్ ప్రొటెక్ట్ మీట జరిపి ఆ రంధ్రం తెరిచి పెట్టు. అప్పుడే కంప్యూటర్‌లో పెట్టు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ మామూలు డాస్ ఫార్మాట్ డిస్క్‌లనే చదువుతుంది. పాత ఎంబ్రాయిడరీ మెషిన్లు కొన్ని సొంత ఫార్మాట్‌లో రాసేవి. అలాంటిది పెడితే విండోస్ "ఫార్మాట్ చేయాలా" అని అడుగుతుంది. ఎస్ నొక్కొద్దు, డిస్క్ ఖాళీదేమో అనుకోవద్దు. దాన్ని పక్కన పెట్టు. గ్రీజ్‌వీజల్ అని చిన్న బోర్డు ఉంది, మామూలు ఫ్లాపీ డ్రైవ్‌కు తగిలిస్తే డిస్క్ మీద ఏ ఫార్మాట్ ఉన్నా ఆ అయస్కాంత గుర్తుల్ని ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తుంది. తయారుచేసినాయన కీర్ ఫ్రేజర్. గోటెక్‌లో వేసుకునే ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (దాన్ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఆయనదే.

ఇప్పుడు డ్రైవ్ మీది లేబుల్ చదివి ఇక్కడ రాయి. కేబుల్ మధ్యలో కొన్ని తీగలు మెలి తిరిగి ఉన్నాయా, తిన్నగా ఉన్నాయా కూడా చెప్పు.

సూరత్_సిరిసిల్ల

అన్నా, శుభ్రం చేశాను. మీరు చెప్పినట్టే స్క్రూ చుట్టూ నల్ల ముద్ద. ఇప్పుడు చాలా డిస్క్‌లు చదువుతోంది, మీకు దండం. లేబుల్ మీద టియాక్ ఎఫ్‌డీ-235ఎఫ్ అని ఉంది. కేబుల్ తిన్నగానే ఉంది, మెలి లేదు. ఫ్లాపీల్లో కొన్నింటికి ఒక రంధ్రం మీద సెల్లోటేప్ అంటించి ఉంది, అది ఎందుకు?

బోర్డు_రిపేరు_హైదరాబాద్

అందుకే లేబుల్ అడిగాను. 235ఎఫ్ అంటే 720 కేబీ డ్రైవ్. 235హెచ్‌ఎఫ్ అయితే 1.44. నీ మెషిన్‌కు 1.44 ఇమేజ్ (మొత్తం ఫ్లాపీని ఒకే ఫైలుగా చేసిన కాపీ) పెడితే చదవదు, ఎందుకంటే 720 డిస్క్ సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో డేటా ఇస్తుంది, 1.44 దానికి రెట్టింపు వేగంతో. ఫ్లాష్‌ఫ్లాపీ వేసిన గోటెక్ రెండూ చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టే ఇమేజ్ ఫైలు సరిగ్గా 7,37,280 బైట్లు ఉండేలా చూసుకో.

టేప్ సంగతి కూడా అదే. 720 డిస్క్‌లు దొరక్క ఎవరో 1.44 డిస్క్‌లకు గుర్తుగా ఉండే రెండో రంధ్రం మూసి, వాటిని 720గా వాడారు. ఆ పూత మీద 720 రాత గట్టిగా నిలవదు. ముందు వాటినే కాపీ చెయ్.

కేబుల్ తిన్నగా ఉంది కాబట్టి గోటెక్ వెనక జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న టోపీ) ఎస్0 అని రాసిన చోట పెట్టి మొదలుపెట్టు. పాత డ్రైవ్‌కు సెలెక్ట్ జంపర్ ఉంటే అది ఏ నంబర్‌లో ఉందో చూసి దాని ప్రకారం పెట్టు. డిస్క్ ఉన్నా "నాట్ రెడీ" అంటుంటే అది 34వ పిన్ను గొడవ. కంప్యూటర్ డ్రైవ్‌లలో ఆ పిన్ను డిస్క్ మారిందని చెబుతుంది, ఇలాంటి మెషిన్లలో చాలావాటికి రెడీ సిగ్నల్ కావాలి. ఫ్లాష్‌ఫ్లాపీ సెట్టింగ్‌లో ఇంటర్‌ఫేస్‌ను షుగార్ట్ అని పెడితే సరిపోతుంది. పవర్ పిన్ను తగిలించేముందు మల్టీమీటర్ పెట్టి 5 వోల్టులు ఏ తీగలో వస్తున్నాయో చూడు, తీగ రంగును నమ్మకు. పాత డ్రైవ్‌ను పారేయకు, కవర్‌లో చుట్టి మెషిన్ కిందే ఉంచు.

పంచింగ్_అక్క

డిజైనర్‌గా ఒక మాట. ఫైళ్లు కాపీ చేసుకుంటే పని అయిపోయిందనుకోవద్దు. డీఎస్‌టీ ఫైల్‌లో, అంటే మెషిన్ చదివే కుట్ల ఫైల్‌లో, రంగులుండవు, ఎక్కడ ఆగి రంగు మార్చాలో మాత్రమే ఉంటుంది. ఏ స్టాప్‌కు ఏ నీడిల్, ఏ దారం అన్నది మనవాళ్లు ఫ్లాపీ స్టిక్కర్ మీదే బాల్‌పెన్‌తో రాసేవాళ్లు: "1 గోల్డ్, 4 రాణీ, 2 గ్రీన్" ఇలా. స్టిక్కర్ ఊడిపోకముందే ప్రతి ఫ్లాపీకీ ముందూ వెనకా ఫోటో తీసి, ఇమేజ్ ఫైల్ పేరే ఫోటోకూ పెట్టండి. లేదంటే బోర్డర్ ఉంటుంది, సేఠ్‌కు నచ్చిన కలర్ కాంబినేషన్ ఉండదు.

ఇంకోటి, డీఎస్‌టీలో కుట్టుకు 3 బైట్లు, హెడర్ 512 బైట్లు. 20,000 కుట్ల డిజైన్ అంటే సుమారు 60 కేబీ. కాబట్టి ఒక్కో ఇమేజ్‌లో అలాంటివి పదకొండు దాకా పడతాయి. నింపేయకుండా పార్టీకి ఒక ఇమేజ్ పెట్టుకుంటే కారీగర్‌కు నంబర్ చెబితే చాలు. ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు దాటనివ్వకండి.

సూరత్_సిరిసిల్ల

గోటెక్ పెట్టాను. ఎస్0, షుగార్ట్, మీరు చెప్పినట్టే. సేఠ్ అడిగిన మామిడిపిందెల బోర్డర్ ఎక్కింది, ఇప్పుడు ఫ్రేము మీద నడుస్తోంది. స్టిక్కర్ల ఫోటోలు మా చెల్లెలు తీస్తోంది అక్కా. విండోస్ ఫార్మాట్ చేయమన్నవి కొన్ని పక్కన పెట్టాను, వాటి కోసం గ్రీజ్‌వీజల్ ఆర్డర్ ఇచ్చాను.

అన్నా, ఇంకొక్క డౌటు. మా బావ దగ్గర చిన్న మెషిన్ ఉంది. దాని ఫ్లాపీ పల్చగా ఉంది, కేబుల్ ఫిల్మ్‌లా ఉంది. ఇదే గోటెక్ పడుతుందా?

బోర్డు_రిపేరు_హైదరాబాద్

అది 26 పిన్నుల ల్యాప్‌టాప్ రకం డ్రైవ్. నేరుగా పట్టదు, 26 నుంచి 34కు మార్చే చిన్న అడాప్టర్ బోర్డు కావాలి. దాంట్లో 5 వోల్టులు కూడా ఆ ఫిల్మ్ కేబుల్‌లోనే వస్తాయి, తిరగేసి పెడితే బోర్డుకే దెబ్బ. బావగారిని పవర్ ఆపేసి, కేబుల్ తీయకముందే కాంటాక్టులు పైకి ఉన్నాయో కిందికి ఉన్నాయో కనిపించేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టమను. చూసి చెబుతా.