ఒక ఏయూకి ఎన్ని గొలుసులు? రెండు చోట్ల రెండు జవాబులు వస్తున్నాయి

సర్వే_పాఠం:
డిప్లొమా సివిల్ పిల్లల సర్వే ప్రాక్టికల్‌కి వర్క్‌షీట్ తయారుచేస్తున్నాను. ఏయూ (సూర్యుడికి భూమికి మధ్య సగటు దూరం), కాంతి సంవత్సరం, పార్సెక్ ఈ మూడు ఖగోళ దూరాలనీ గుంటర్ గొలుసుల్లోకి (సర్వేలో నేల కొలిచే పాత గొలుసు) మార్పించాలి. ఒక ఏయూకి ఆన్‌లైన్ కాలిక్యులేటర్ 743 కోట్ల 64 లక్షల 64 వేల 582 గొలుసులని చూపిస్తోంది. మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఇండియన్ చైన్’ ఎంచుకుంటే 743 కోట్ల 65 లక్షల 3 వేల 375 వస్తోంది. దాదాపు 39 వేల గొలుసుల తేడా. ఏది రాయాలి? గుంటలు, సెంట్లలోకి కూడా మార్చవచ్చా? దీన్ని గ్రౌండ్‌లో చేయించే దారి ఉంటే అదీ చెప్పండి.

తారాదూరం:
రెండు భాగహారాలూ సరైనవే. తేడా అంతా అడుగు నిర్వచనంలో ఉంది.

భాగహారంలో పైన ఉండే సంఖ్యలో అనుమానం లేదు. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2012లో ఏయూని సరిగ్గా 1,49,59,78,70,700 మీటర్లుగా ఖాయం చేసింది. గుంటర్ గొలుసు 66 అడుగులు, 100 లింకులు (గొలుసులోని సమాన భాగాలు). ఇప్పుడు అంతటా వాడే అడుగు 0.3048 మీ. కాబట్టి గొలుసు 20.1168 మీ. మీ కాలిక్యులేటర్ దీంతోనే భాగించింది. సాఫ్ట్‌వేర్ మాత్రం 1937 నాటి ఇండియన్ అడుగు 0.30479841 మీ. తీసుకుంది, అంటే గొలుసు 20.11669506 మీ. గొలుసు పొట్టిదైతే లెక్కకి ఎక్కువ గొలుసులు పడతాయి. 1962, 1975 ఇండియన్ అడుగులు మళ్ళీ వేరు (0.3047996, 0.3047995). అమెరికా సర్వే అడుగు ఇంకొకటి. దాన్ని 2022 చివరితో అక్కడ పక్కన పెట్టేశారు.

ఈ రెండు గొలుసుల తేడా పది లక్షల్లో 5.2 వంతులు. కిలోమీటరు పొలం గట్టు మీద 5 మిల్లీమీటర్లు, ఏ సర్వేయరుకీ అందదు. అదే ఒక ఏయూ మీద 780 కిలోమీటర్లు అవుతుంది. అందుకే వర్క్‌షీట్ మొదటి గీతలోనే ‘గొలుసు = 20.1168 మీ.’ అని రాసేయండి. అలా రాయకపోతే జవాబులు దిద్దడం అయ్యే పని కాదు.

మిగతా రెండూ:
కాంతి సంవత్సరం = 29,97,92,458 × 86,400 × 365.25 మీటర్లు. 20.1168తో భాగిస్తే 4.7029003 × 10^14 గొలుసులు. పిల్లలు 365 రోజులు వేస్తారు, మూడో అంకె దగ్గరే జవాబు తప్పుతుంది.
పార్సెక్ = 6,48,000 ÷ π ఏయూలు, అంటే 2,06,264.806 ఏయూలు. గొలుసుల్లో 1.5338809 × 10^15.

లింకులకి వందతో గుణిస్తే చాలు. ఎక్సెల్ 15 అంకెలకి మించి నిలుపుకోదు కాబట్టి ఎనిమిది అంకెల దగ్గర ఆపించండి.

గుంట_గొలుసు:
గుంట, సెంటు, ఎకరం విస్తీర్ణాలు. దూరాన్ని వాటిలోకి మార్చడం కుదరదు. వర్క్‌షీట్‌లో ఆ ప్రశ్న అలాగే ఇస్తే పిల్లలకి తప్పు నేర్పినట్టే. వెడల్పు కూడా ఇస్తే మంచి లెక్క అవుతుంది.

గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, 121 గజాలు. అంటే దాని భుజం సరిగ్గా అర గొలుసు. ‘ఒక ఏయూ పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న పట్టీ ఎంత?’ అని అడగండి. గొలుసుల సంఖ్యని రెట్టింపు చేస్తే గుంటలు: 1,487 కోట్ల 29 లక్షల 29 వేల 164. 40తో భాగిస్తే 37 కోట్ల 18 లక్షల 23 వేల 229 ఎకరాలు. సరిచూసుకోడానికి రెండో దారి: 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. పొడవుని 0.5తో గుణించి, పదితో భాగించినా అదే రావాలి.

ఆంధ్ర వైపు పిల్లలకైతే సెంట్లలో ఇవ్వండి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పాత ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) స్కెచ్‌లో కొలతలు లింకుల్లోనే ఉంటాయి కాబట్టి ఈ అలవాటు తర్వాత నిజంగా పనికొస్తుంది.

రేంజింగ్_రాడ్:
గ్రౌండ్‌లో చేయించాలంటే ఒక ఏయూకి ఒక గొలుసు స్కేలు పెట్టండి. గొలుసుకి వంద లింకులు కావడం ఇక్కడ కలిసొస్తుంది: గ్రహం దూరాన్ని ఏయూల్లో చూసి వందతో గుణిస్తే అదే లింకుల కొలత. బుధుడు 38.7 లింకులు, శుక్రుడు 72.3, భూమి 100, అంగారకుడు 152.4, గురువు 520, శని 954, యురేనస్ 1,919, నెప్ట్యూన్ 3,007. మొత్తం 605 మీటర్లు. తిన్నని రోడ్డు లేకపోతే గురువు దాకా వేసినా 105 మీటర్లలో సరిపోతుంది.

ఆరోలు (ప్రతి గొలుసు చివర నేలలో గుచ్చే ఇనుప పుల్లలు) పది ఇస్తారు కదా, నెప్ట్యూన్ దగ్గరికి ఆ పదీ మూడుసార్లు చేతులు మారి, పైన 7 లింకులు. ఆరోల లెక్క తప్పితే ఏకంగా ఒక ఏయూ పోతుంది. వెనక చైన్‌మన్ (గొలుసు వెనక కొస పట్టుకునే మనిషి) ప్రతి పది గొలుసులకీ పుస్తకంలో రాయాలి.

అదే స్కేల్లో సూర్యుడు 18.7 సెం.మీ., అంటే లింకు కంటే కాస్త తక్కువ. గురువు 19 మి.మీ. గోళీ. భూమి 1.7 మి.మీ., ఆవగింజ సరిపోతుంది. చంద్రుణ్ణి భూమికి 5 సెం.మీ. దూరంలో పెట్టాలి. కాంతి సంవత్సరం ఇదే స్కేల్లో 1,272 కిలోమీటర్లు, అది బోర్డు మీదే.

సర్వే_పాఠం:
మా ల్యాబ్‌లో 20 మీటర్ల మెట్రిక్ గొలుసులే ఉన్నాయి. వాటితో వేస్తే తప్పా?

రేంజింగ్_రాడ్:
తప్పు కాదు. దానికీ వంద లింకులే, లింకు 20 సెం.మీ. కాబట్టి పై లింకుల సంఖ్యలన్నీ అలాగే వాడొచ్చు. స్కేలు కొంచెం చిన్నదవుతుంది, అంతే. రెండు రకాల గొలుసులు కలిపితేనే పాడవుతుంది: నెప్ట్యూన్ దగ్గర మూడున్నర మీటర్లు తేడా వస్తుంది. మీటర్లలోకి మార్చేటప్పుడూ 20.1168 బదులు 20 వేయించండి.

ముందు రోజు గొలుసుని స్టీల్ టేపుతో సరిచూడండి. 20 మీటర్ల గొలుసుకి ±5 మి.మీ. దాకా అనుమతి ఉంది. పాత గొలుసుల్లో రింగులు సాగి అంతకు మించి పెరుగుతాయి. సాగిన గొలుసుతో కొలిస్తే నేల మీది అసలు దూరం చదివిన దానికంటే ఎక్కువ. మరీ సాగితే ఒకట్రెండు రింగులు తీసేసి సరిచేస్తారు. లింకులు ముడిపడితే గొలుసు పొట్టిదై అసలు దూరం చదివిన దానికంటే తక్కువ అవుతుంది, కాబట్టి గొలుసు విసరగానే కడదాకా నడిచి చూసి, అప్పుడే లాగమనండి.