కోడి బొమికల సూప్‌లో సముద్రపు నాచు మొదట్లోనే వెయ్యాలా, దించే ముందా?

గరిటెధారి: రోస్ట్ చేసిన కోడి తినగా మిగిలిన బొమికల్లో చెయ్యంత కొంబు (జపాన్ వంటల్లో వాడే దళసరి సముద్రపు నాచు) ముక్క పడేసి మూడు గంటలు మరిగించా. జిగటగా, చేదుగా తయారైంది. ఒకసారి వండిన బొమికల్లో ఇంకేం సారం ఉంటుందని ఇంట్లో వెక్కిరింపు. నాకు మాత్రం నాచు మీదే అనుమానం.

సన్నసెగ: నాచే. బొమికలకి గంటలు కావాలి, దానికి అక్కర్లేదు. కీళ్లలో, చర్మంలో ఉన్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ సన్న సెగ మీద మెల్లగా సూప్‌ని చిక్కబరిచే జెలటిన్ అవుతుంది. ఒకసారి వండినవైనా అది బోలెడు మిగిలే ఉంటుంది. సూప్ చల్లారాక తొణక్కుండా గడ్డకట్టిందంటే అదే సాక్ష్యం. కొంబుని అంతసేపు మరిగిస్తే మాత్రం అందులోని ఆల్జినేట్ అనే బంక పదార్థం దిగి జిగురొస్తుంది. వడకట్టిన సూప్‌ని 60 డిగ్రీల దగ్గర ఉంచి, కొంబు వేసి, అరగంటలో తీసెయ్యండి. అన్నట్టు, మాడిన చర్మం ముక్కలు కూడా వేశారా? చేదుకి అవీ కారణమే.

గరిటెధారి: వేశా 🙈

మూడువిజిల్స్: సూప్‌కి డిగ్రీలు కొలుస్తూ కూర్చునేదెవరండీ! నేను అన్నీ కలిపి కుక్కర్లో పెట్టేస్తా. ఇంతవరకు ఎవరూ గిన్నె పక్కకి నెట్టలేదు. వండిన బొమికలకి రుచి తక్కువ కాబట్టి నాచు దండిగా పడాల్సిందే.

సన్నసెగ: దండిగా ఎందుకు? 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా రుచినిచ్చే గ్లూటమేట్‌ని విడదీసింది కొంబు నుంచే, ఆ కమ్మటి రుచికి ఉమామి అన్న పేరూ ఆయన పెట్టిందే. కోడి మాంసంలో ఇనోసినేట్ అనే మరో రుచి పదార్థం ఉంటుంది. ఆ రెండూ కలిస్తే రుచి కూడిక కాదు, గుణకారం. చిన్న ముక్క చాలు. థర్మామీటర్ లేకపోతే ఆవిరి రావాలి, బుడగ రాకూడదు, అంతే లెక్క.

థైరాయిడ్‌బాధితురాలు: ఇంతమందిలో అయోడిన్ మాట ఒక్కరూ ఎత్తలేదే! అది మరీ ఎక్కువైతే థైరాయిడ్‌కి చేటు. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు సరిపోతాయి. ఎండు కొంబు ఒక్క గ్రాములోనే వెయ్యి దాటొచ్చు. పైగా అది నీళ్లలోకి దిగిపోతుంది, ముక్క తీసేస్తే పోయేది కాదు. మొదట వేసినా చివర వేసినా ఆ ముప్పు ఉన్నదే. నేను కొంబు మానేసి నోరి (కాగితంలా పల్చగా ఉండే ఇంకో రకం నాచు) చించి పైన చల్లుకుంటున్నా, అందులో చాలా తక్కువ.

మూడువిజిల్స్: ఎప్పుడో ఒకసారి తాగేదానికి ఇంత భయమా?

థైరాయిడ్‌బాధితురాలు: ఎప్పుడో అయితే సరే. కొందరు పెద్ద గిన్నెడు కాచి వారమంతా తాగుతారు, నా మాట వాళ్లకి. అసలు ఫ్రిజ్‌లో కూడా మూడు నాలుగు రోజులకి మించి ఉంచకూడదు.

సన్నసెగ: అయోడిన్ సంగతి ఒప్పుకుంటున్నా. ముక్క తీసేశాం కదా అని నేనూ ధీమాగా ఉన్నా ఇన్నాళ్లూ. జిగురు విషయంలో మాత్రం తగ్గను.

గరిటెధారి: ఫ్రీజర్‌లో ఇంకో కోడి బొమికలున్నాయి. మాడింది గీకేసి, నాచు లేకుండా కాచి, సగంలో వేలెడు కొంబు నానబెట్టి, మిగతా సగం మీద నోరి చల్లుతా. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ల ముందు పెట్టాలని ఉంది గానీ, నోరి పైకి తేలి పట్టిచ్చేస్తుందేమో!