గుండె దడ ఇద్దరికీ ఉంది, జబ్బు కూడా ఒకటేనా?

ప్రశ్న:
మా చెల్లెలికి ఇరవై ఆరేళ్లు. నాలుగు నెలల క్రితం ఆర్టీసీ బస్సులో ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం మొదలై, ప్రాణం పోతోందని ఏడ్చేసింది. పావుగంటలో తగ్గింది. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత మూడుసార్లు, ఒకసారి ఇంట్లో టీవీ చూస్తుండగా కూడా, ఇలాగే జరిగింది. ఇప్పుడు బస్సెక్కనంటోంది. మా అమ్మ కూడా ఏళ్ల తరబడి ప్రతిదానికీ కంగారుపడుతుంది, ఆమెకూ దడ ఉంది. ఇద్దరిదీ ఒకటే సమస్యా అండీ?

జవాబు (మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను):
గుండె పరీక్షలు ముందుగా చేయించడం మంచిదైంది. దడ అన్ని రకాల ఆందోళనల్లోనూ ఉంటుంది కనుక దాన్నిబట్టి రకం తేల్చలేము. భయం దేని గురించి, ఎప్పుడు వస్తోంది, దానివల్ల మనిషి ఏ పనులు మానేశారు అన్నవే చూడాలి. మీ చెల్లెలికి వచ్చినవి పానిక్ అటాక్‌ల్లా, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రభయంలా, ఉన్నాయి. అవి కొద్ది నిమిషాల్లోనే తీవ్రస్థాయికి చేరి, తర్వాత తగ్గుతాయి. ఒక్కసారి వచ్చినంత మాత్రాన జబ్బు అనరు. కారణం లేకుండా మళ్లీ మళ్లీ వస్తూ, 'ఇంకోసారి వస్తే ఎలా' అన్న భయం నెల, అంతకు మించి వెంటాడితే పానిక్ డిజార్డర్ అంటారు. మధ్యలో దిగిపోలేమన్న భయంతో బస్సులు, రద్దీ ప్రదేశాలు మానుకుంటూ పోతే అది అగోరాఫోబియాకు (తేలిగ్గా బయటపడలేని చోట్లంటే భయం) దారితీయవచ్చు. అమ్మగారిది వేరుగా కనిపిస్తోంది. డబ్బు, ఆరోగ్యం, పిల్లలు, ఇలా అనేక విషయాలపై అదుపు చేసుకోలేని దిగులు ఆరు నెలలకు పైగా చాలా రోజులు ఉండి, దానితోపాటు నిద్రలేమి, కండరాల బిగువు, అలసట, చిరాకు కూడా ఉంటే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అయ్యే అవకాశం ఉంది. నిర్ధారణ మాత్రం ఎదురుగా కూర్చుని మాట్లాడిన సైకియాట్రిస్టే చేయాలి.

మరొక జవాబు:
నాది సోషల్ యాంగ్జైటీ. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు వణికేది, ఒంటరిగా ఉంటే ఏమీ ఉండేది కాదు. సిగ్గరివాడు, పెరిగితే పోతుందిలే అని ఇంట్లో అందరూ అనుకోవడంతో డిగ్రీలో రెండు సెమినార్లు ఎగ్గొట్టేదాకా ఎవరూ పట్టించుకోలేదు. మీరు ఇంత త్వరగా గమనించినందుకు సంతోషంగా ఉంది.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మెడికల్ షాపులో ఇచ్చిన నిద్రమాత్ర వేయమని ఒకరు చెప్పారు, వేయవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
దయచేసి వేయకండి. ఆందోళన తగ్గించి నిద్ర పుట్టించే ఆల్ప్రజోలం వంటి మాత్రలకు అలవాటుపడితే మానడం చాలా కష్టం. పానిక్ డిజార్డర్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ, ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే మందులు బాగా పనిచేస్తాయి. దగ్గరలో సైకియాట్రిస్టు లేకపోతే కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేయండి. తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈలోగా ఆమెను బలవంతంగా బస్సెక్కించకండి.